రేడియేటర్ మార్చే ముందు ఒక్కసారి సందులు చూడండి
సొంతంగా కట్టుకున్న విమానంలో కారింజిన్ పెట్టుకుని, క్లైంబ్‌లో (పైకెక్కేటప్పుడు) కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) వేడి ఎర్రగీత దాకా పోతోందన్న తమ్ముడికీ, విమానానికి మాజ్దా రోటరీ కారింజిన్ బిగిస్తున్న మిగతావాళ్లకీ: పెద్ద రేడియేటర్ కొనేయకండి. నా విమానంలోని సుబారు కారింజిన్‌తో నాదీ ఇదే గోల. టార్చి వేసి చూస్తే రేడియేటర్ అంచుకీ, దానికి గాలి తెచ్చే డక్టుకీ మధ్య వేలు దూరేంత సందు! గాలంతా అక్కణ్ణుంచే జారుకుంటోంది. సిలికాన్ రబ్బరు పట్టీతో మూశాను.

గాలి లోపలికొచ్చే ఇన్‌లెట్‌ను విమానం పొట్టకి అతికించొద్దు. ఫ్యూజిలాజ్‌ని (విమానం ఒంటిని) రాసుకుంటూ వచ్చే గాలి నీరసంగా ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధపు ఫైటర్ పీ-51 ముస్టాంగ్‌లో పొట్టకింది స్కూప్‌కి (గాలి పీల్చే నోటికి) పైన, పొట్టకీ దానికీ మధ్య సందు వదిలింది అందుకే. ఇన్‌లెట్ నుంచి రేడియేటర్ దాకా డక్టు మెల్లగా వెడల్పవ్వాలి.

అందరూ మరిచేది గాలి బయటికెళ్లే ఎగ్జిట్. అది ఇరుకైతే ముందు ఎంత నోరు తెరిచినా దండగే. దానికి క్లైంబ్‌లో తెరిచి, క్రూజ్‌లో (ఒకే ఎత్తులో సాగేటప్పుడు) మూసే ఫ్లాప్ (కదిలే రెక్క) పెట్టండి. అనుమానముంటే రేడియేటర్ ముందూ వెనకా సన్న గొట్టాలు పెట్టి, రంగునీళ్లు పోసిన యూ ఆకారపు గొట్టానికి కలిపి ప్రెజర్ తేడా కొలవండి. ఫోటోలు సాయంత్రం పెడతా.