బయటి దేశాల ప్రజాస్వామ్యానికి మనమిచ్చే డబ్బుకూ లెక్క చూపండి

కేంద్ర విదేశాంగ శాఖ మంత్రి గారికి,

విదేశీ విరాళాల లెక్కలు చూసే విజయవాడ అకౌంటెంట్ల నమస్కారాలు.

అమెరికాలో 1983లో ఏర్పడిన నేషనల్ ఎండోమెంట్ ఫర్ డెమోక్రసీ కాగితం మీద ప్రైవేటు సంస్థే. డబ్బు మాత్రం ఏటా అక్కడి కాంగ్రెస్ కేటాయిస్తుంది. అందులో కొంత నేరుగా ఆయా దేశాల సంస్థలకు వెళ్తుంది. మిగతాది రెండు ప్రధాన పార్టీలకు, వాణిజ్య మండలికి, కార్మిక సంఘాలకు అనుబంధంగా ఉన్న నాలుగు సంస్థల ద్వారా కిందికి దిగుతుంది. ఇలా చేతులు మారేకొద్దీ అసలు దాత ఎవరో రశీదు చూసి చెప్పలేం. ‘భారత్‌లో ఓటింగ్ శాతానికి 2.1 కోట్ల డాలర్లు’ రద్దు చేశామని 2025 ఫిబ్రవరిలో అమెరికా ప్రకటించినప్పుడు ఇక్కడ అంత రగడ రేగింది అందుకే. ఆ డబ్బు ఏ సంస్థ చేతికి వెళ్లాలో ఆ ఒక్క వాక్యంలో లేదు.

అయ్యా, మనమూ దాతలమే. 2005లో మొదలైన ఐక్యరాజ్యసమితి ప్రజాస్వామ్య నిధికి ఆరంభంలోనే కోటి డాలర్లు ప్రకటించాం. 2011లో ఎన్నికల సంఘం ఢిల్లీలో నెలకొల్పిన శిక్షణ సంస్థకు విదేశీ ఎన్నికల అధికారులు వస్తున్నారు. మంచి పనే, కొనసాగాలి. లెక్క మాత్రం ఒక్కచోట కనిపించాలి.

గుంటూరులో ఒక చిన్న ట్రస్టుకు విదేశీ విరాళం వస్తే ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలో పడాలి. పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత మరో సంస్థకు రూపాయి కూడా బదిలీ చేయకూడదు. ఏడాది లెక్కలు డిసెంబరు 31లోగా ఎఫ్‌సీ-4 అనే వార్షిక పత్రంలో, దాతల వారీగా ఇవ్వాలి. పార్టీలు, అభ్యర్థులు విదేశీ విరాళం ముట్టుకోనే కూడదు. బదిలీ నిషేధం పల్లెల్లోని చిన్న సంస్థలను దెబ్బతీసిందన్నది మా అభిప్రాయం. లెక్క అడగడం మాత్రం న్యాయమే.

ఇందులో ఒక సందు ఉంది. ఆ చట్టం ప్రకారం ఐక్యరాజ్యసమితి విదేశీ మూలం కాదు. మనమిచ్చిన నిధే తిరిగి ఇక్కడి సంస్థకు వస్తే ఎఫ్‌సీ-4లోకి ఎక్కదు.

కాబట్టి మీ శాఖ వార్షిక నివేదికకు ఒక పట్టిక జతచేయండి: దేశం, చివరగా డబ్బు అందుకున్న సంస్థ, మొత్తం, పని, విడుదల తేదీ. తేదీ ఎందుకంటే, ఐక్యరాజ్యసమితి ప్రజాస్వామ్య నిధి ప్రాజెక్టులు రెండేళ్లు మించవు; డబ్బు విడత ఆలస్యమైతే ఓటరు శిక్షణ పోలింగ్ అయ్యాక జరుగుతుంది. నివేదికలో మాత్రం హాజరు సంఖ్య నిండుగానే ఉంటుంది. అందుకే బయటివారు చేసిన మదింపునూ పట్టికతో పాటే పెట్టండి. మన డబ్బు ఏ దేశంలోనూ పార్టీకి గానీ అభ్యర్థికి గానీ చేరకూడదన్న షరతును ప్రతి ఒప్పందంలో రాయించండి. ఓటర్ల జాబితా తయారీ, చెరగని సిరా, పోలింగ్ సిబ్బంది శిక్షణ లాంటివైతే ఆ దేశ ఎన్నికల సంఘంతోనే బాహాటంగా చేయవచ్చు.

ఇట్లు,
విదేశీ విరాళాల లెక్కలు చూసే అకౌంటెంట్లు, ఆడిటర్లు
విజయవాడ