జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల తల్లిదండ్రుల సంఘం: 2025–26 వార్షిక నివేదిక

అధ్యక్షులవారికి, ప్రధానోపాధ్యాయులవారికి, ఉపాధ్యాయులకు, పొలం పనులు వదులుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు జరిగిన పనుల నివేదికను సభ ముందు ఉంచుతున్నాను. సంఘం ఎందుకు పెట్టుకున్నామో అందరికీ తెలుసు కాబట్టి ఆ ముచ్చట మళ్లీ ఎత్తడం లేదు.

ఈ ఏడాది మనం గొప్పగా చెప్పుకోవలసింది మే నెలలో పెట్టిన చేపల పులుసు భోజనం. రసీదు పుస్తకం పట్టుకుని గడప ఎక్కితే "ఏందబ్బయ్యా, మళ్లీ చందానా?" అంటున్నారని, ఊరికే అడిగేకంటే కడుపు నింపి అడుగుదామని తల్లులే ముందుకొచ్చారు. ఎండాకాలం సెలవులకు చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లలో ఉంటున్న పూర్వ విద్యార్థులు ఊళ్లో ఉంటారు. పచ్చి మామిడికాయ దొరుకుతుంది. బడి ఆవరణ ఖాళీ. పైగా నెల్లూరోళ్లను చేపల పులుసుకు పిలిస్తే మానేసేదెవరు? కూపన్ 150 రూపాయలు పెట్టాం.

వంట దగ్గరే అసలు పంచాయితీ నడిచింది. పెళ్లిళ్లకు వండే మాస్టరు ఒకే పెద్ద డేగిశాలో వండేద్దామన్నారు. తల్లులు ససేమిరా అన్నారు. ముక్క పడ్డాక పులుసులో గరిటె పెట్టకూడదు, గిన్నె అంచులు గుడ్డతో పట్టుకుని కదపాలి. "ఆ డేగిశాను నువ్వు కదుపుతావా అన్నా?" అని ఒకావిడ అడిగేసరికి మాస్టరు ఇంకో మాట మాట్లాడలేదు. ఇళ్లలోంచి వెడల్పాటి గిన్నెలు తెచ్చి, వరసగా ఇటుకల పొయ్యిలు పేర్చి, శనివారం సాయంత్రం మొదలుపెట్టారు. చింతపండు పులుసు బాగా మరిగాక బొచ్చె ముక్కలు, ఆ తర్వాత మామిడికాయ ముక్కలు, దించే ముందు వేయించి దంచిన మెంతులు, ఆవాలు, ధనియాల పొడి. గిన్నెకి ఇద్దరు చొప్పున కొంగులు బిగించి నిలబడి కదిపారు. రాత్రంతా ఊరనిచ్చి ఆదివారం మధ్యాహ్నం వడ్డించారు. పులుసుకి రుచి మర్నాడే కదా. ఒంటిగంటకల్లా కూపన్లన్నీ అయిపోయి, అన్నానికి రెండోసారి ఎసరు పెట్టాల్సి వచ్చింది.

చేపల గుంటలున్న ఇద్దరు తల్లిదండ్రులు సగం ధరకే చేపలిచ్చారు. బియ్యం ఇచ్చినవారు పేరు చెప్పొద్దన్నారు, చెప్పడం లేదు. షామియానా, కుర్చీలు ఇచ్చినవారు అద్దె తీసుకోలేదు. ఆకులు ఎత్తింది పూర్వ విద్యార్థులే, అందులో ఒకాయన ఇప్పుడు పెద్ద కంపెనీలో మేనేజరు. కూపన్ లేకుండా తిని వెళుతూ వెళుతూ ఉప్పు తగ్గిందని చెప్పిన పెద్దమనుషులకు కూడా సంఘం తరఫున ధన్యవాదాలు.

పులుసు భోజనం డబ్బుతో సైన్స్ గదికి ప్రాణం వచ్చింది. అప్పటిదాకా బీరువాలో ఉన్నవి పగిలిన బ్యూరెట్లు, మూతలు పట్టేసిన సీసాలు. నెల్లూరు ట్రంకు రోడ్డుకు మాస్టార్లనే వెంటబెట్టుకుని వెళ్లి కటకాలు, శృతిదండాలు, లిట్మస్ కాగితాలు, ఒక మైక్రోస్కోపు కొన్నాం. ఉల్లిపొరలో కణాలను మొదటిసారి చూసిన ఎనిమిదో తరగతి పిల్లలు బెల్లు కొట్టినా బయటికి రాలేదని సైన్సు మేడమ్ చెప్పారు. ఆడపిల్లల ఖోఖోకి కొత్త స్తంభాలు పాతించాం, గ్రౌండు చదును చేయించాం.

జూన్‌లో, బడికి వెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు పడ్డాక ఒక ప్రశ్న ఊరంతా తిరిగింది. 15 వేలలో తల్లి ఖాతాకు 13 వేలు వచ్చి, 2 వేలు బడి నిర్వహణకు పోయాయి కదా, ఇక సంఘానికి ఎందుకివ్వాలని. అడగడంలో తప్పు లేదు. కానీ ఆ 2 వేలు మన సంఘం చేతికి రావు. మరుగుదొడ్ల శుభ్రత, బడి నిర్వహణ లాంటి వాటికి ఉద్దేశించిన సొమ్ము అది. సాయంత్రం చదువుకునే పిల్లలకు శనగలు, ఆడపిల్లలకు ఆటో అందులోంచి రావు. అలాగే 2024 ఆగస్టు 8న ఎన్నికైన బడి యాజమాన్య కమిటీ వేరు, మన సంఘం వేరు. దానికి మనం పోటీ కాదు, దాని పని మనం చేయలేం. ఇంకోసారి ఎవరైనా అడిగితే సభ్యులు ఇదే చెప్పాలి, ప్రతిదానికీ కార్యదర్శికి ఫోన్ కలపకుండా.

ఆటో సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. డిసెంబర్‌లో పదో తరగతిని పరీక్షలకు సిద్ధం చేసే వంద రోజుల ప్రణాళిక మొదలయ్యాక సాయంత్రం చదువు పొద్దుగూకేదాకా సాగింది. పట్టపుపాలెం నుంచి వచ్చే ఆడపిల్లలు నాలుగింటికే వెళ్లిపోయేవారు, చదువు ఇష్టం లేక కాదు. చెరువు కట్ట మీద దీపం లేదు, చలికాలం ఆరింటికే చీకటి. ఇళ్లలో టెన్షన్. మన సభ్యుల్లోనే ఆటో నడిపేవారు ముగ్గురు వంతులేసుకుని, డీజిల్ ఖర్చు మాత్రం తీసుకుని పరీక్షల దాకా దింపారు. సంక్రాంతి సెలవులు పోను ఒక్క రోజూ ఆటో రాలేదన్న మాట లేదు. పిల్లలకు ఉడికించిన శనగలు, అరటిపండు, వేరుశనగ చిక్కీ ఇచ్చాం. ఫలితాలు ఇంకా రాలేదు కాబట్టి ఆ గొప్ప ఇప్పుడే చెప్పను. సాయంత్రం తరగతిలో పట్టపుపాలెం పిల్లలు చివరి దాకా కూర్చున్నారు, అది మాత్రం మా కళ్లతో చూశాం.

అక్టోబర్ చివర్లో మొంథా తుపాను వానలకు వెనకవైపు ప్రహరీ కొంత పడిపోయింది. అర్జీ పెట్టాం. ఒక అధికారి వచ్చి టేపుతో కొలిచారు, ఫొటో తీసుకున్నారు, టీ తాగారు. తర్వాత ఇంకొకరు వచ్చి మళ్లీ కొలిచారు. రెండు కొలతలూ ఒకటే వచ్చాయి, గోడ మాత్రం రాలేదు. ప్రస్తుతానికి కంచె వేసి గేదెలు రాకుండా ఆపాం. కట్ట మీద వీధి దీపం అర్జీ కూడా ఇదే దారిలో ఉంది.

ఇక సభ్యుల సంగతి. జులై 10న రాష్ట్రమంతా జరిగిన మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌కి మన బడిలో నిలబడే చోటు లేదు. వాట్సాప్ గ్రూపు ఫొటోలతో నిండిపోయింది. ఆగస్టులో సైన్స్ గదికి సున్నం వేయడానికి రమ్మంటే ఆ ఫొటోల్లో ఉన్నవాళ్లు ఎటు పోయారో తెలియదు. బ్రష్షులు పట్టింది ఎప్పుడూ వచ్చే ఆ కొద్దిమందే. నాట్లు, కోతలు, రొయ్యల గుంటల దగ్గర కాపలా అందరికీ ఉంటాయి, కాదనను. పని చేసినవాళ్లకూ అవే ఉన్నాయి. గ్రూపులో దండం బొమ్మ పెడితే హాజరు వేయబడదని మనవి.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. రసీదులు, బిల్లులు, బ్యాంకు పుస్తకం బల్ల మీదే ఉన్నాయి. అన్ని ఖర్చులు పోను కొంత నిల్వ ఉంది, అప్పు లేదు. సభ్యత్వ రుసుము బకాయిల జాబితా చదవొద్దని అధ్యక్షులవారు అన్నారు కాబట్టి చదవడం లేదు, ఎవరిది వారికి తెలుసు.

ఒక తీర్మానం సభ ఆమోదానికి పెడుతున్నాం. ఇప్పుడు డబ్బు ఇద్దరు సభ్యుల ఉమ్మడి ఖాతాలో ఉంది. వారి నిజాయితీ మీద ఎవరికీ అనుమానం లేదు, కానీ ఈ పద్ధతి ఎంతోకాలం నడవదు. ఊరి బయట ఉన్న పూర్వ విద్యార్థులు పెద్ద మొత్తం ఇస్తామంటూనే సంఘం పేరు మీద ఖాతా అడుగుతున్నారు. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు కలిసి నమోదు చేసుకోవచ్చు. సంతకం పెట్టడానికి, ఆధార్ కాపీ ఇవ్వడానికి ఏడుగురు కావాలి. నిరుడు ఇదే అడిగితే నలుగురు లేచారు.

హెచ్‌ఎం గారికి, సాయంత్రాలు ఇళ్లకు ఆలస్యంగా వెళ్లిన ఉపాధ్యాయులకు, శనగలు ఉడికించి పెట్టిన మధ్యాహ్న భోజనం వండే అమ్మలకు, తాళం తీసి కూర్చున్న వాచ్‌మన్‌కు, ఆటో అన్నలకు, మైక్‌సెట్టు ఇచ్చినవారికి, దాతలందరికీ కృతజ్ఞతలు. దాతల పేర్లు నోటీసు బోర్డులో ఉన్నాయి. ఎవరి పేరైనా తప్పిపోతే సభ అయ్యాక చెప్పండి, సభలో కాదు.

ఈ మే నెలలో కూడా పులుసు పెట్టాలని కార్యవర్గం నిర్ణయించింది. ఈసారి వచ్చే డబ్బు తాగునీటి కుళాయిలకు. వంటకు, వడ్డనకు, ఆకులు ఎత్తడానికి మూడు కాగితాలు గుమ్మం దగ్గర పెట్టాం. భోజనానికి వెళ్లే ముందు ఏదో ఒకదాని మీద పేరు రాయండి. ఆకులు ఎత్తే కాగితం ఇంకా తెల్లగానే ఉంది.

ఇట్లు,
కార్యదర్శి