నృత్యబృందంలో చేరబోతున్న అమ్మాయికి

విజయవాడ

చిరంజీవి అమ్మలుకు,
అమ్మ దీవించి వ్రాయునది.

బృందంలోకి నిన్ను ఎంపిక చేశారని, వచ్చే నెలలోనే చెన్నై వెళ్లి చేరాలని నీవు ఫోనులో చెప్పినప్పుడు సంతోషంతో నాకు నోట మాట రాలేదు. అప్పుడు చెప్పలేకపోయిన వాటిని ఇప్పుడు కుదురుగా కూర్చుని వ్రాస్తున్నాను.

పన్నెండేళ్లు కూచిపూడి నేర్చుకున్నావు, రంగప్రవేశం చేశావు, పళ్లెం అంచుల మీద నిలిచి తరంగం ఆడి పెద్దల మెప్పు పొందావు. అయితే ఇంతవరకు నీ సాధనంతా సోలో కోసమే సాగింది. బృందంలో మొదటి రెండు మూడేళ్లు నీవు సత్యభామవు కావు, ఆమె వెనుక నిలిచే చెలికత్తెవు. దాన్ని తక్కువగా తలచవద్దు. కూచిపూడి అసలు మేళాల కళ, అంటే కలిసి ఆడే బృందాల కళ. మేళంలో పిల్లవాడు ప్రహ్లాదుడిగానో, లవకుశుల్లో ఒకడిగానో రంగమెక్కి, పెద్దల ఆట చూస్తూ తాళం, పాత్రలు పాడే దరువులు, మాటలు పలికే వాచికం వంటబట్టించుకుని ఏళ్లు గడిస్తేగాని పెద్ద పాత్రకు చేరేవాడు కాదు. కూచిపూడి గురువు వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి తీర్చిదిద్దిన నృత్యనాటకాల బలం కూడా నాయిక ఒక్కదాని మీద నిలిచింది కాదు. ‘క్షీరసాగర మథనం’లో వాసుకిని లాగే వరుసలో ఒక్కరి అడుగు వెనుకబడినా చూసేవారికి తాడు తెగినట్టే ఉంటుంది.

మొన్న నీవు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. ఆరుగురిలో మోకాళ్లు పక్కలకు వంచి నిలిచే నీ అరమండే నిండుగా ఉంది. కాని అడుగుల వరుసను ముగించే తీర్మానం చివర నీ చేయి పక్క అమ్మాయి చేతికన్నా బెత్తెడు పైకి లేచింది, చూపు సభ మీదికి పోయింది. సోలోలో అది అందమే, వరుసలో మాత్రం ఆ బెత్తెడు ఒక్కటే కనబడుతుంది. తల తిప్పకుండా కంటి కొసతో పక్కవారి దూరం కొలవడం, ఎడమ నుంచి నేర్చినదాన్ని కుడి నుంచీ ఆడగలగడం, నీది కాని పాత్ర అడుగులు కూడా గుర్తుంచుకోవడం ఈ నెల రోజుల్లోనే మొదలుపెట్టు.

ఇక ఒంటి సంగతి. నాకు ఇరవై మూడేళ్లప్పుడు ఒక బృందంతో వరుసగా మూడు రాత్రులు సిమెంటు గచ్చు మీద ఆడాను. రెండో రాత్రికే ఎడమ చీలమండ పట్టేసింది. చెబితే పాత్ర పోతుందన్న భయంతో గుడ్డ బిగించి చుట్టుకుని, దాని మీదే గజ్జెలు కట్టుకున్నాను. మూడో రాత్రి ఆట ముగిశాక గజ్జెలు విప్పితే తోలుపట్టీ అచ్చు వాపులోకి దిగబడి ఉంది. ఎనిమిది నెలలు ఆడలేకపోయాను. ఆ ఎనిమిది నెలలూ వారు ఒక్క రూపాయి ఇవ్వలేదు, ఇస్తామని కాగితం మీద ఎక్కడా లేదు కూడా. నొప్పిని దాచడం కళ పట్ల భక్తి అనుకున్నాను, అది నా తప్పు. నీవు మొదటి రోజే చెప్పు, పాత్ర పోయినా సరే.

అందుకే సంతకానికి ముందు అడగవలసినవి అడుగు. నెల జీతమా, ప్రదర్శనకు ఇంత అనా? రిహార్సల్ రోజులకు ఏమిస్తారు? ప్రయాణం, బస, వేషభూషల ఖర్చు ఎవరిది? దెబ్బ తగిలితే వైద్యం ఎవరు చూస్తారు? బయట సోలో ఆడనిస్తారా? డబ్బు మాట ఎత్తితే గురుభక్తి లేదంటారేమోనని నేను జంకాను, నీవు జంకవద్దు. పద్ధెనిమిది నుంచి ఇరవై అయిదేళ్ల యువ కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ రెండేళ్లపాటు నెలకు 5,000 రూపాయల ఉపకారవేతనం ఇస్తుంది, దానికీ దరఖాస్తు చేయి.

ఒప్పంద కాగితం చేతికి రాగానే ప్రతి పేజీ ఫోటో తీసి పంపు, నాన్నగారు చదివి చెబుతారు. నీ గజ్జెలకు కొత్త పట్టీ వేయించాను, ఆదివారం నీవు వచ్చేసరికి సిద్ధంగా ఉంటాయి.

ఆశీస్సులతో,
అమ్మ