లక్ష్మి పేరు తెగిన చోట

హైదరాబాదు

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం చేరింది. ఉద్యోగం మారే ముందు పాత పనుల చిట్టా రాసుకుంటున్నానని, నేనైతే దేన్ని ముందు పెడతానో చెప్పమని అడిగావు. రెండు రోజులు ఆలోచించాను. అమ్మకాల లెక్కల వెబ్ అప్లికేషన్ మీద మూడేళ్లు పనిచేశాను కానీ, కంపెనీ చేతులు మారగానే సర్వరు ఆపేశారు. దాని గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

నా మనసులో మొదట మెదిలింది మన ఊరి గ్రంథాలయానికి పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసులతో మనమిద్దరం చేసిన పుస్తకాల పట్టిక. ప్రతి పుస్తకం కింద పరిచయంలోని మొదటి వంద బైట్లు చూపి, ఆపైన మూడు చుక్కలు పెట్టాం కదా. అక్షరానికి ఒక్క బైటే పట్టే ఇంగ్లీషు పుస్తకాలకు బాగానే ఉండేది. తెలుగు పరిచయాల చివర మాత్రం తరచు నల్లని డైమండులో ప్రశ్నార్థకం కనిపించేది. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి, అంటే హల్లు, పొల్లు, గుడి వంటి ఒక్కో గుర్తుకు, మూడు బైట్లు పడతాయని, మన ఫంక్షను బైట్లనే లెక్కపెట్టి కోస్తున్నందువల్ల సంకేతం నడుమ తెగుతున్నదని తెలిసేసరికి తెల్లవారింది. బైట్లకు బదులు సంకేతాలను లెక్కించే ఫంక్షను పెట్టి, గండం గడిచిందనుకున్నాం. మర్నాడు గ్రంథపాలకుడుగారు కళ్లజోడు సవరించుకుని, తెర మీద వేలు ఆనించి, "బాబూ, ఈ 'లక్' ఏమిటి?" అని అడిగారు. అక్కడ ఉండవలసింది 'లక్ష్మి'.

మన కంటికి రెండక్షరాలైన ఆ పేరు కంప్యూటరుకు ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, మళ్లీ పొల్లు, మ, గుడి. మూడో సంకేతం దగ్గర కోత పడితే మిగిలేది 'లక్' మాత్రమే. వెబ్‌సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్ థీములలోనూ శీర్షికలు ఇలాగే తెగడం చూశాక నేను దానికి తగిలించే చిన్న ప్రోగ్రాము, ఆ ప్లగిన్, రాశాను. కోత పడిన చోట పొల్లు, దాని వెంట హల్లు ఉంటే ఒత్తులన్నీ, గుణింతపు గుర్తూ పూర్తయ్యేదాకా ముందుకు జరగాలి. అంతే, నలభై వరుసల కోడు. తెలుగు సంయుక్తాక్షరాన్ని నడుమ విడదీయకూడదన్న నియమం, ప్రపంచ లిపులకు సంకేతాలు నిర్ణయించే యూనికోడ్ ప్రమాణంలోకి ఆ తరువాతే, 2023లో, 15.1 కూర్పుతో వచ్చింది. అందుకే ఆ నలభై వరుసలంటే నాకు నేటికీ అంత ప్రీతి.

ఇంకొకటి ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు తగిలించే ఎక్స్‌టెన్షన్. పత్రికల సైట్లు తలా ఒక సొంత ఫాంటు వాడిన రోజులలో, ఆ ఫాంటు లేనివారికి పేజీ నిండా అర్థంకాని రోమన్ గుర్తులే కనిపించేవి. అటువంటి పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' అనే ఎక్స్‌టెన్షన్‌ను చూసి, ఒక చిన్న పత్రిక ఫాంటు కోసం నేనూ ఒకటి తయారుచేశాను. ఏ గుర్తు తలకట్టో, ఏది ఒత్తో కాగితం మీద గీసుకుంటూ నెల రోజులు గడిపాను. 2017 నవంబరు 14న ఫైర్‌ఫాక్స్ 57 వచ్చి పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లను ఆపేసింది. తిరగరాద్దామని కూర్చుంటే, ఆ పత్రిక అప్పటికే యూనికోడ్‌కు మారిపోయి ఉంది. నాకెంతో సంతోషం కలిగింది.

నీ చిట్టాలోనూ గ్రంథాలయాన్నే ముందు పెట్టు. దాని మొదటి కూర్పు నీ పాత హార్డ్ డిస్కులో ఉండాలి. దొరికితే పంపు, నీవు ఇంటర్వ్యూలో చూపేలోగా 'లక్ష్మి'ని మరొకసారి సరిచూసి పెడతాను.

ఇట్లు,
నీ మిత్రుడు