ఆఖరి రోజు డైవ్ పెట్టకండి సార్

సంపాదకుడు గారికి నమస్కారం,

మీ ఆదివారం అనుబంధంలో కరీబియన్ దీవుల్లో స్కూబా డైవింగ్ (వీపున గాలి సిలిండర్ వేసుకుని సముద్రం లోపలికి దిగడం) మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫోటోలు బాగున్నాయి, రాసినాయన కూడా సరదాగా రాశాడు, కాదనను. కానీ చివర్లో బాక్స్ కట్టి ఇచ్చిన నాలుగు రోజుల ప్లాన్ చూసి మాత్రం ఉండబట్టలేకపోయాను. నాలుగో రోజు పొద్దున్న డైవ్, మధ్యాహ్నం చెక్అవుట్, సాయంత్రం ఫ్లైట్ అని ఉంది. సార్, అలా చెయ్యకూడదు. టైం సరిపోతుందా లేదా అన్న గొడవ కాదిది, ప్రాణం మీదికొచ్చే వ్యవహారం. ఈ ముక్క చెప్పడానికే ఉత్తరం రాస్తున్నా, పొడుగైతే మీరే కత్తిరించుకోండి.

సముద్రంలో పది మీటర్లు దిగితే చాలు ఒంటి మీద ఒత్తిడి గట్టు మీద ఉన్నదానికి రెట్టింపు అవుతుంది, ఆ ఒత్తిడిలో సిలిండర్ గాలి పీలుస్తుంటే అందులోని నైట్రోజన్ రక్తంలోకీ కండల్లోకీ కరిగి చేరిపోతుంది. పైకొచ్చాక కొన్ని గంటలు నేల మీద ఉంటే అదంతట అదే ఊపిరితో బయటికి పోతుంది. ఆ గంటలు దానికి ఇవ్వకుండా విమానం ఎక్కామనుకోండి, విమానం లోపల గాలి ఆరేడు వేల అడుగుల కొండ మీద ఉన్నంత పలచగా ఉంటుంది కాబట్టి గోలీ సోడా కొట్టినప్పుడు బుస్సుమని బుడగలు లేచినట్టు మన ఒంట్లోనూ లేచే ప్రమాదం ఉంది. కీళ్ళ నొప్పులతో పోతే అదృష్టం, బుడగ వెన్నుపాములో ఇరుక్కుంటే కాళ్ళు పడిపోవచ్చు. అందుకే ఒక్క డైవే చేస్తే కనీసం 12 గంటలు, రోజుకి రెండు మూడు చేసినా, వరసగా రోజూ దిగినా కనీసం 18 గంటలు ఆగి ఎక్కమంటారు, చాలామంది ఎందుకొచ్చిన గొడవ అని 24 గంటలు ఆగుతారు.

ఇదంతా నాకు పుట్టుకతో తెలిసిన విషయమేం కాదు. పోయిన నవంబరు థాంక్స్‌గివింగ్ సెలవులకి మేం హ్యూస్టన్ నుంచి మూడు కుటుంబాలం కరీబియన్ లోని బొనేర్ దీవికి వెళ్ళాం, మన తెలుగాయనే ఒక ఏజెంట్, ఆయన పంపిన ప్లాన్ కూడా అచ్చం మీ వ్యాసంలో లాగే ఉంది. డైవింగ్ ఆన్‌లైన్ కోర్సు చదువుతున్న మా అమ్మాయి పట్టుకుంది, నాన్నా ఇది తప్పు అని. ఆయనకి ఫోన్ చేస్తే "ఏం కాదు సార్, అందరూ చేస్తున్నదే" అన్నాడు. సీటు బెల్టు పెట్టుకోని ప్రతివాడూ చెప్పేది అదేగా.

డైవింగ్ ట్రిప్ ని తిరుగు ఫ్లైట్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలని అప్పుడు అర్థమైంది. మాకు శనివారం మధ్యాహ్నం మూడింటికి ఫ్లైట్. లెక్క ప్రకారం శుక్రవారం రాత్రి తొమ్మిదికి నీళ్ళలోంచి బయటపడితే చాలు, మేం మాత్రం శుక్రవారం పొద్దున్నే ఆఖరి డైవ్ కానిచ్చి మధ్యాహ్నానికల్లా వెట్‌సూట్లు కడిగి బాల్కనీలో ఆరేశాం. ఇటు మొదటి రోజు కూడా పూర్తిగా మనది కాదు, బొనేర్ లో ముందు ఓరియెంటేషన్ విని, ఒడ్డు దగ్గరే ఒక చెక్ డైవ్ చేసి చూపించాకే మిగతా చోట్లకి వదుల్తారు. అంటే నాలుగు రోజుల ట్రిప్ లో డైవింగ్ కి మిగిలేది రెండు రోజులు! అదీ మీ బాక్స్ లో ఉండాల్సింది.

బొనేర్ ఎందుకంటే, వెనెజులా తీరానికి దగ్గర్లో, తుఫాన్లు మామూలుగా తిరిగే దారికి పక్కగా ఉంటుంది, డాలర్లే చెల్లుతాయి, బోటు ఎక్కే పని కూడా లేదు. పికప్ ట్రక్ అద్దెకి తీసుకుని వెనక సిలిండర్లు వేసుకుని రోడ్డు పట్టుకుపోతే పక్కన పసుపు రంగు రాళ్ళ మీద డైవ్ సైట్ పేర్లు రాసుంటాయి, నచ్చిన రాయి దగ్గర ఆపుకుని నడిచి నీళ్ళలో దిగడమే. ఒకచోటి పేరు వెయ్యి మెట్లు, నిజానికి డెబ్భై దాకా ఉంటాయంతే, సిలిండర్ వీపున వేసుకుని తిరిగి ఎక్కేటప్పుడు తెలుస్తుంది ఆ పేరు పెట్టినవాడు ఎంత నిజాయితీపరుడో. దీవి చుట్టూ తీరం నుంచి 60 మీటర్ల లోతు దాకా 1979 నుంచీ మెరైన్ పార్కే. పెద్దవాళ్ళకి తలకి 75 డాలర్లు ఎంట్రీ టాక్స్, నీళ్ళలో దిగడానికి నేచర్ ఫీ 40 డాలర్లు, ఇవి ప్యాకేజీలో కలిపారా లేదా అడగండి, మాకు కలపలేదు. హెచ్1బి వాళ్ళు ఇంకోటి చూసుకోండి, వీసా స్టాంప్ ఎక్స్‌పైర్ అయినా కెనడా, మెక్సికో వెళ్ళి నెలలోపు వచ్చేయొచ్చనే వెసులుబాటు ఈ దీవులకి వర్తించదు. మాతో రావాల్సిన నాలుగో కుటుంబం అక్కడే ఆగిపోయింది.

ఇప్పుడు రెండో విషయం, మెడికల్ ఫారం. దీని మీద మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు.

డైవ్ షాప్ కౌంటర్ లో అందరికీ తలో ఫారం ఇచ్చారు. మా తోడల్లుడికి 48 ఏళ్ళు, బీపీ ఉంది. ఆయన పెన్ను తీసుకుని పై నుంచి కింద దాకా నో, నో, నో అని అర నిమిషంలో కొట్టేశాడు, మనకి ఇమ్మిగ్రేషన్ ఫారాలు నింపీ నింపీ అలవాటైపోయింది కదా, ఏ ప్రశ్నకైనా నో అంటే పనైపోతుందని. పక్కనే ఉన్న మా మరదలు హ్యాండ్‌బ్యాగ్ లోంచి మాత్రల డబ్బా తీసి కౌంటర్ మీద పెట్టి "ఏవండీ, మరి పొద్దున్న ఇది దేనికి వేసుకున్నారు?" అంది. కౌంటర్ లో అమ్మాయికి తెలుగు రాదు గానీ డబ్బా చూస్తే అర్థమైంది, నవ్వుతూనే ఫారం వెనక్కి తీసుకుని డాక్టర్ సంతకం లేకుండా దింపలేనని చెప్పింది. పైసా ఎక్కువిస్తామన్నా వినలేదు (అవును, మా తోడల్లుడు అదీ అడిగాడు). ఆ వారమంతా ఆయన స్నార్కెల్ పెట్టుకుని పైపైన తేలుతూ మా బుడగలు చూసుకున్నాడు, రెండు రోజులు మా మరదలితో మాట్లాడలేదు.

ఆ ఫారంలో 45 దాటినవాళ్ళకి విడిగా ఒక బాక్సే ఉంది, పొగ తాగుతారా, కొలెస్ట్రాల్ ఉందా, బీపీ ఉందా అని. ఆస్తమా, షుగర్, గుండె సంగతి, రోజూ వేసుకునే మందులు అన్నీ అడుగుతారు. యస్ అంటే పంపించేస్తారని కాదు, డాక్టర్ చూసి సంతకం పెడితే దింపుతారు. ఫారం నెట్ లో ఫ్రీగా దొరుకుతుంది, టికెట్లు కొనకముందే నింపుకుని యస్ పడితే ఊళ్ళో ఉండగానే డాక్టర్ దగ్గరికి వెళ్తే సరిపోయేది. ఈత సంగతీ అంతే. సర్టిఫికెట్ కోర్సుకి 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, పది నిమిషాలు తేలాలి. ఈత రాకపోయినా పర్వాలేదని మీ వ్యాసం అన్నది ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి పట్టుకుని దిగే ట్రయల్ డైవ్ గురించి అయ్యుండాలి, అది 12 మీటర్లు దాటదు. రెండూ వేరు వేరు. కోర్సు చేసేవాళ్ళు చదువు, స్విమ్మింగ్ పూల్ భాగం సొంతూళ్ళో పూర్తి చేసుకుని సముద్రంలో నాలుగు డైవులు మాత్రం అక్కడ పెట్టుకుంటే సెలవులు మిగుల్తాయి, మా అమ్మాయి అలాగే చేసింది.

బొనేర్ లో గ్లవ్స్ వేసుకోనివ్వరు. చేతికి తొడుగుంటే ఏదో ఒకటి పట్టుకోబుద్ధవుతుందని. ఫోటో కోసం పగడాల మీద నిలబడే మన అలవాటు తెలిసే పెట్టారా అనిపించింది. 2014లో మయామీ దగ్గర బయటపడ్డ పగడాల జబ్బు ఒకటి 2023లో బొనేర్ కి కూడా పాకింది, మెదడు ఆకారంలో ఉండే పెద్ద పగడం సగం రంగుతో, సగం తెల్లగా ఎముకలా నేనే చూశాను. ఒక చోట నుంచి ఇంకో చోటికి వెళ్ళేటప్పుడు సామాన్లు మందు నీళ్ళలో ముంచి తియ్యమనేది అందుకే.

మరి ఆఖరి రోజు ఖాళీగా కూర్చుని ఏం చెయ్యాలంటారా? మాది ఉప్పు మళ్ళ ఊరు, చినగంజాం. బొనేర్ లో దక్షిణం వైపు బండి పోనిస్తే రోడ్డు పక్కన ఉప్పు మళ్ళు, గులాబీ రంగు నీళ్ళు, ఆ వెనక తెల్లటి ఉప్పు గుట్టలు, కిటికీ దించగానే అదే వాసన, చిన్నప్పుడు మా ఊళ్ళో సైకిల్ మీద పోతుంటే వచ్చే వాసన. దూరంగా ఫ్లెమింగోలు. ఇంకొంచెం ముందుకెళ్తే సముద్రం ఒడ్డున వరసగా రాతి గుడిసెలు ఉన్నాయి, 1850లో ఉప్పు మళ్ళలో పని చేసే బానిసల కోసం కట్టినవి. గుమ్మం నా నడుం దాకా కూడా రాలేదు, వంగి మోకాళ్ళ మీద పాకితే గానీ లోపలికి వెళ్ళలేం. వాళ్ళ కుటుంబాలు రింకాన్ అనే ఊళ్ళో ఉండేవట, వారం చివర గంటల తరబడి నడిచి వెళ్ళొచ్చేవాళ్ళట. డచ్చివాళ్ళు బానిసత్వం రద్దు చేసింది 1863లో. మా పిల్లలు ఆ వారంలో ఎక్కువ ప్రశ్నలు అడిగింది అక్కడే. డైవ్ ఉండుంటే ఆ రోజు అటు వెళ్ళేవాళ్ళమే కాదు.

కరీబియన్ కి అందరూ వెళ్ళరు, తెలుసు. కానీ విశాఖ రుషికొండలో దిగేవాళ్ళున్నారు, హనీమూన్ కి అండమాన్ వెళ్ళి హేవ్‌లాక్ లో దిగేవాళ్ళు ఇంటింటికీ ఉన్నారు, పొద్దున్న డైవ్ చేసి సాయంత్రం విమానం ఎక్కితే ఏ సముద్రమైనా లెక్క ఒకటే. అందుకని వచ్చే ఆదివారం సవరణ వెయ్యండి, అదే పేజీలో, అంతే సైజు బాక్స్ లో. డైవ్ అయ్యాక ఎన్ని గంటలకి ఫ్లైట్ ఎక్కాలో, ఫారంలో ఏమేం అడుగుతారో రెండు ముక్కలు చాలు. ఏజెంట్లు కూడా మీ పేపర్ చూసే ప్లాన్లు తయారు చేస్తున్నట్టున్నారు.

మా తోడల్లుడు మొన్న డాక్టర్ సంతకం పెట్టించుకుని ఆ పేజీ ఫోటో గ్రూప్ లో పెట్టాడు. మళ్ళీ నవంబరుకి ఫ్లైట్లు చూస్తున్నాం, ఈసారి ప్లాన్ రాసేది మా మరదలు.

ఇట్లు,
మీ పాఠకుడు,
హ్యూస్టన్, టెక్సాస్