పొదుగు పెట్టలన్నిటినీ ఒకే రోజు కూర్చోబెట్టండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ వ్యవసాయం పేజీ నేను వదలకుండా చదువుతానండి. నాటుకోళ్ల గురించి ఎప్పుడు రాసినా ఇంక్యుబేటర్లు, షెడ్లు, లోన్లు ఇవే ఉంటున్నాయి, పెరట్లో ఒకే ఒక్క గూడు పెట్టుకుని నాలుగు పెట్టల్ని సాకే మాలాంటోళ్లకి పనికొచ్చే ముక్క కనపడట్లేదు. సంక్రాంతి వెళ్లాక ఒకటి పొదుగుకొచ్చిందంటే కొన్ని రోజుల తేడాలో ఇంకో రెండు కూడా కూర్చుంటాయి కదా, గూడేమో ఒకటే, అప్పుడు ఏం చెయ్యాలి? నాకు తెలిసింది రాస్తున్నా, వీలుంటే వెయ్యండి.

మా వైపు చాలామంది ఏ పెట్ట ముందు కూర్చుంటే దానికి ముందు గుడ్లు పెట్టేస్తారు. వేరే వేరే గూళ్లు ఉంటే పర్లేదు గానీ ఒకే గూట్లో ఇది కుదరదండి. మొదటిదానికి 21 రోజులు నిండి పిల్లలు కియ్ కియ్ మనగానే పక్కన సగం పొదిగిన గుడ్ల మీదున్నది కూడా లేచొచ్చేస్తుంది, ఆ పిల్లలు నావే అన్నట్టు కొట్లాట పెట్టుకుంటుంది, ఈలోగా దాని గుడ్లు చల్లారిపోతాయి, లేకపోతే పరాయి పిల్లల్ని పొడిచి పారేస్తుంది. పందెం కోళ్ల జాతి అసీల్ పెట్టలైతే చెప్పక్కర్లేదు, తల్లులుగా వాటిని మించినవి లేవు గానీ రెండిటిని పక్కపక్కన పెడితే ఆ తన్నులాటలో గుడ్లే పగుల్తాయి.

అందుకని ముందొచ్చిన పెట్టకి ఒకటో రెండో పనికిరాని గుడ్లు పెట్టి నాలుగైదు రోజులు ఊరికే కూర్చోనివ్వండి. అసలు గుడ్లు చల్లటి చోట మొన వైపు కిందికి పెట్టి దాచండి, వారం లోపు గుడ్లయితే బాగా పిల్లలౌతాయి, ఫ్రిజ్‌లో మాత్రం వద్దు. మిగతా పెట్టలు కూడా గట్టిగా కూర్చున్నాక చీకటి పడ్డాక అన్నిటినీ ఒకే రాత్రి పొదగెయ్యండి, పెట్ట సైజుని బట్టి పది పన్నెండు గుడ్లు చాలు. బేసి లెక్కలో పెట్టాలని మా అత్తగారు అంటారు, పెట్టుకోండి, నష్టమేం లేదు.

ఇంకోటి, పొదుగు మీద లేని పెట్టలు వచ్చి అదే బుట్టలో గుడ్డు పెట్టేసి పోతుంటాయి. చూస్తూ చూస్తూ పన్నెండు కాస్తా ఇరవై అవుతాయి, అన్నీ కడుపు కింద పట్టవు, పెట్ట రోజూ గుడ్లు తిప్పుతా మధ్యవి అంచుకి అంచువి మధ్యకి జరుపుతుంది కాబట్టి వంతులవారీగా అన్నీ చల్లబడతాయి. ఉరుములకి గుడ్లు మురిగిపోతాయన్న నమ్మకంతో బుట్టలో బొగ్గు ముక్క వేస్తారు కదా, ఆ బొగ్గుతోనే ప్రతి గుడ్డు మీదా ఒక గీత గియ్యండి. గీత లేని గుడ్డు కనిపిస్తే ఆ పూటే తీసెయ్యొచ్చు. ప్రతి పెట్ట మీదా గాలి ఆడే వెదురు గంప బోర్లించి, రోజుకోసారి ఒక్కోదాన్నే మేతకి నీళ్లకి వదిలితే సరి. మిగతావి గంపల కింద ఉంటాయి కాబట్టి ఇది తిరిగొచ్చి తన బుట్టలోనే కూర్చుంటుంది. పేలు పడితే ఎంత మంచి పెట్టైనా గుడ్లొదిలేసి లేచిపోతుంది, బూడిదలో పొర్లనివ్వండి.

ఏడెనిమిది రోజులకి రాత్రి పూట సెల్‌ఫోన్ లైటు మీద గుడ్డు పెట్టి చూడండి, ఎర్రటి నరాలు కనిపిస్తే పిల్ల పడ్డట్టే. ఖాళీవి తీసేస్తే ఒక్కోసారి మూడు పెట్టల గుడ్లు రెండిటికే సరిపోతాయి, అన్నీ ఒకే వయసువి కాబట్టి కలిపినా ఇబ్బంది లేదు. మూడోదాన్ని బుట్ట లేకుండా గాలి తగిలే చోట కొన్నాళ్లు ఉంచితే పొదుగు దిగి మళ్లీ గుడ్లకొస్తుంది. ముక్కులో ఈక గుచ్చడం, నీళ్లలో ముంచడం చేస్తారు కొందరు, అదేం పనండీ, నోరు లేని జీవం. పిల్లలయ్యాక కూడా ఒక తల్లివి ఇంకో తల్లి కిందకి మార్చాలంటే మొదటి రోజో రెండో రోజో రాత్రి చీకట్లోనే మార్చాలి, తర్వాత పొడిచి తరిమేస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. కొక్కెర తెగులు రాకుండా 5 నుంచి 7 రోజుల పిల్లలకి కంట్లోనో ముక్కులోనో లాసోటా అనే టీకా మందు చుక్క వెయ్యాలి. ఆ సీసా 100 డోసులకి తక్కువ దొరకట్లేదు, కలిపాక రెండు గంటల్లో వాడెయ్యాలి, ఇరవై పిల్లలున్న మనిషి సీసా కొని మిగతాది పారబోయడం ఎందుకని అసలు వేయించడమే మానేస్తోంది, తెగులొస్తే మొత్తం ఊడ్చుకుపోతుంది. అదే వీధిలో ఐదారు ఇళ్లవాళ్లు మాట్లాడుకుని ఒకే రాత్రి పొదగేశారనుకోండి, పిల్లలన్నీ ఒకే వయసువి, ఒక్క సీసాతో అందరికీ అయిపోతుంది, మందు చల్లగా ఉంచే ఐస్ డబ్బా ఒకళ్లు తెచ్చినా చాలు. డ్వాక్రా మీటింగులో ఈ మాట చెప్తే పది నిమిషాల పని.

పశుసంవర్ధక శాఖ వాళ్లు ఊరికో టీకా రోజు ముందే చెప్పేస్తే మేం దానికి నాలుగు వారాల ముందు లెక్కేసుకుని పెట్టల్ని కూర్చోబెట్టుకుంటాం. ఈ సంగతి వాళ్ల దాకా వెళ్లేలా మీ పేపర్లో రాయండి, అదీ ఎండలు ముదరక ముందే, ఏప్రిల్ దాటాక రాస్తే ఆ వేడికి గుడ్లు నిలవవు, పిల్లలూ సరిగ్గా రావు.

ఇట్లు
మీ పాఠకురాలు,
నూజివీడు దగ్గర పల్లె నుంచి