కనపడని బోర్డుకి ఫైన్ కట్టాలా?

సంపాదకులు గారికి నమస్కారం,

పార్కింగ్ చలాన్ చిన్న విషయమే కదా అనుకోవచ్చు, కానీ దాన్ని రద్దు చేయించుకోడానికి నేను రెండు నెలలు తిరిగాను, అందుకే ఈ ఉత్తరం.

రోడ్డు పక్కన కారు పెట్టి పని చూసుకొని వచ్చేసరికి అద్దం మీద నో పార్కింగ్ అని చలాన్ అంటించి ఉంది. చుట్టూ చూస్తే బోర్డు ఎక్కడా కనపడలేదు, అటూ ఇటూ రెండుసార్లు నడిచాక దొరికింది, చెట్టు కొమ్మ మొత్తం కప్పేసింది, సరిగ్గా దాని కిందకి వెళ్లి తలెత్తితే తప్ప తెలీదు. అదృష్టం ఏంటంటే కారు కదపకముందే ఫోన్ తీసి కారు దగ్గర్నుంచి బోర్డు దాకా నడుస్తూ ఆపకుండా ఒకే వీడియో తీశాను. విడివిడి ఫొటోలైతే వేరే చోట తీశావేమో అంటారు, వీడియోని అలా అనలేరు. ఎవరికైనా ఇలా జరిగితే ముందు ఈ పని చేయండి, ఇంటికెళ్లాక మర్నాడు తీద్దాం అనుకుంటే ఆలోపు కొమ్మ కొట్టేయొచ్చు.

వాళ్ల దగ్గరున్న ఆధారం మాత్రం నా నంబర్ ప్లేట్ ఫొటో ఒక్కటే. కారు అక్కడ ఉందని నేనూ ఒప్పుకుంటున్నాను కదా, అక్కడ పెట్టకూడదని నాకు తెలిసే వీలుందా అన్నదే అసలు ప్రశ్న, దానికి ఆ ఫొటోలో జవాబు లేదు. మొదటి అర్జీకి "తిరస్కరించడమైనది" అని ఒక్క ముక్క వచ్చింది, కారణం లేదు, వీడియో చూశారో లేదో కూడా రాయలేదు. పైఅధికారికి మళ్లీ అన్నీ జతచేసి పంపితే అప్పుడు రద్దు చేశారు.

నాకు బాధేసేది రెండోసారి రాసే ఓపిక లేనివాళ్ల గురించి. తప్పు చేయకపోయినా పోనీలే అని కట్టేస్తారు, పైగా తొందరగా కడితే తగ్గింపు ఉన్నచోట, వాదిస్తే ఆ తగ్గింపు కూడా పోతుందేమోనని భయం. ఇంగ్లండ్‌లో కౌన్సిల్ వేసే పార్కింగ్ ఫైన్ 14 రోజుల్లో కడితే సగమే, కానీ కౌన్సిల్ మన అభ్యంతరం ఒప్పుకోకపోతే దానితో సంబంధం లేని ట్రిబ్యునల్‌కి వెళ్లే దారి కూడా ఉంది. ఫైన్ వేసినవాళ్లే తీర్పు చెప్పకుండా ఇలాంటి దారి ప్రతిచోటా ఉండాలని నా కోరిక. ఎక్కువసేపు ఆగిన కార్లు పట్టుకోడానికి టైరు మీద సుద్దతో గీత పెట్టే పద్ధతి మీద అమెరికాలో ఒకావిడ కోర్టుకెళ్తే, 2019లో ఫెడరల్ అప్పీల్ కోర్టు ఆ గీత కూడా రాజ్యాంగం దృష్టిలో సోదా కిందకే వస్తుందని చెప్పింది. సుద్దగీతనే అంత సీరియస్‌గా తీసుకున్నప్పుడు మన అర్జీకి రెండు లైన్ల కారణం రాయడం ఎక్కువ అడిగినట్టా?

చలాన్ ఫొటోలో కారుతో పాటు బోర్డు కూడా కనపడాలి, అర్జీ కొట్టేస్తే ఎందుకో రాయాలి, అర్జీ తేలేదాకా తగ్గింపు గడువు ఆపాలి. మీ పేపర్‌లో వస్తే అధికారులు చూస్తారని ఆశ.

ఆ కొమ్మ ఇంకా కొట్టలేదు. మొన్న అటు వెళ్తుంటే సరిగ్గా అదే చోట ఎవరో కారు పెడుతున్నారు, ఆగి బోర్డు చూపించి వచ్చాను.

ఇట్లు,
మీ పాఠకుడు